లోపలికి వెళ్ళని ఫోన్లు

మందుల ప్యాకింగ్ హాల్లోకి ఫోన్ తీసుకెళ్ళకూడదు. వెంట్రుక రాలినా ఒప్పుకోని చోటు అది. తలకు టోపీ, కాళ్ళకు తొడుగులు వేసుకుని, ఫోన్ బయట అరలో పెట్టి తాళం వేశాకే లోపలికి అడుగు పెట్టాలి. ఇళ్ళ నుంచి వచ్చే ఫోన్లన్నీ హెచ్‌ఆర్ గదిలో ఉన్న ఒక్క ఫోన్‌కే వస్తాయి. దాని ముందు కూర్చునే ఆవిణ్ణి కంపెనీలో చిన్నా పెద్దా అందరూ పెద్దక్క అంటారు. ఏ ఫోన్‌కి లోపలున్న మనిషిని పిలవాలో, ఏ ఫోన్‌కి అక్కర్లేదో తేల్చేది ఆవిడే.

మగవాళ్ళకు ఇంటి నుంచి ఫోన్ రావడమే అరుదు. వచ్చిందంటే కొంపలేవో మునిగాయనుకుని పరుగున వెళ్ళి పిలుస్తారు. ఆడవాళ్ళకు పొద్దస్తమానం వస్తూనే ఉంటాయి. గ్యాస్ అయిపోయింది, తాళం చెవులు ఎక్కడ పెట్టావు, నా సాక్సు కనపడటం లేదు. కళ్ళెదురుగా ఉన్న సాక్సు కోసం కూడా ఆఫీసుకు ఫోన్ చేసే మహానుభావులు ఇంటికొకరున్నారు మరి! పెద్దక్క వాళ్ళందరికీ “చెబుతాలెండి” అని పెట్టేస్తుంది, ఎవరికీ చెప్పదు. మనిషి బయటికొస్తే ప్యాకింగ్ లైను ఆగుతుంది. ఆగిన లైను మేనేజర్లకు బాగా గుర్తుంటుంది, పైపోస్టులు ఇచ్చే రోజున మరీ గుర్తుంటుంది.

ఈ సంగతి ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు. కూతురికి జ్వరమని ఒకసారి పైపోస్టు ఇంటర్వ్యూ మధ్యలో లేచి వెళ్ళింది. “ఈవిడకి ఇల్లే ముఖ్యం” అని పక్కన పెట్టేశారు. ఆవిడ భర్తదీ అదే కంపెనీ. తండ్రికి కంటి ఆపరేషనని ఆయన మీటింగు వదిలి వెళితే “ఎంత బాధ్యత గల మనిషి” అని భుజం తట్టారు. ఆ మంట ఆవిడ కడుపులో ఇంకా చల్లారలేదు. అందుకే తన చేతిలో ఉన్నంతలో ఏ ఆడపిల్లకీ అలా జరగనివ్వకూడదని ఫోన్‌కి కాపలా కూర్చుంది. అది మేలే అనుకుంది. అందరూ అదే అన్నారు.

మధ్యాహ్నం షిఫ్టుకు కొత్తగా ఒక ఇన్‌చార్జిని పెట్టారు. నోట్లో నాలుక లేని మనిషి, చేతిలో మాత్రం పని పరుగెత్తుతుంది. భర్త లారీ డ్రైవరు, ఇంటి పట్టున ఉండడు. రెండో తరగతి చదివే కూతుర్ని బడి నుంచి తెచ్చి చూసుకునేది ఆమె తండ్రి. పోస్టు ఇంకా ఖాయం కాలేదు. ఆ రోజు పెద్ద మేనేజరు హాల్లో కూర్చుని పని చూసి తేలుస్తానన్నాడు.

“ఇవాళ మిన్ను విరిగి మీద పడ్డా నిన్ను పిలవను. వెళ్ళు,” అని నవ్వి పంపింది పెద్దక్క.

ఇన్‌చార్జి కూతురు ఫోన్ చేయడం కొత్త కాదు. రిబ్బను ఊడిందనీ పెన్సిలు విరిగిందనీ చేస్తూనే ఉంటుంది. ఆ రోజు కూడా చేసింది.

“ఆంటీ, తాతయ్య లేవట్లేదు. నాకు పాలు ఇవ్వలేదు.”

“పెద్దవాళ్ళు కదమ్మా, అలిసిపోయి ఉంటారు. పడుకోనివ్వు. బిస్కెట్లు తిను.”

పెట్టేసి అద్దాల కిటికీలోంచి హాల్లోకి చూసింది. ఇన్‌చార్జి ఏదో వివరిస్తోంది, పెద్ద మేనేజరు తలాడిస్తున్నాడు. పెద్దక్కకు కడుపు నిండినట్టయింది.

ఈలోగా ఒక మెషీను ఆపరేటరుకు భార్య ఫోన్ చేసింది. పక్క బల్ల కుర్రది విషయమేమిటని కూడా అడక్కుండా పరుగెత్తి అతణ్ణి పిలుచుకొచ్చింది. సోఫా ఏ రంగుది కొనాలని ఆవిడ అడిగిందట. అతను నింపాదిగా మాట్లాడి, ఈల వేసుకుంటూ లోపలికి వెళ్ళాడు. ఎవరూ ఏమీ అనలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది.

“ఆంటీ, తాతయ్య చెయ్యి కుర్చీలోంచి కిందికి జారిపోయింది. నేను పైన పెట్టాను. మళ్ళీ జారిపోయింది.”

వెనక టీవీలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు.

“అమ్మలూ, తాతయ్య చెయ్యి ఎలా ఉంది? వెచ్చగా ఉందా?”

“చల్లగా ఉంది. అందుకే దుప్పటి కప్పాను. అమ్మకి చెప్పొద్దు ఆంటీ. ఇవాళ ఫోన్ చెయ్యొద్దంది, కోప్పడుతుంది.”

ఆ పిల్ల ఇందాక మొదటిసారి చేసినప్పుడే “తాతయ్య పలుకుతున్నారా” అని పెద్దక్క ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఎన్నో ఏళ్ళుగా ఎవరినీ ఏమీ అడగకుండా పెట్టేయడం అలవాటైపోయి, అడగాలనే తోచలేదు. పక్కింటివాళ్ళను పిలుచుకు రమ్మని పిల్లకు చెప్పింది. పక్కింటివాళ్ళను పిలుచుకు రమ్మని పిల్లకు చెప్పింది. కంపెనీ కారు తెప్పించింది. ఆనక టోపీ, తొడుగులు ఏమీ లేకుండానే హాలు తలుపు తోసింది. పెద్ద మేనేజరు అక్కడే ఎదురొచ్చాడు.

“రండి రండి, మీ ఇన్‌చార్జికి పోస్టు ఖాయం. ఇంటి గొడవలు పనిలోకి తేని ఆడమనిషిని ఇన్నాళ్ళకు చూశాను,” అని మెచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

అతని వెనకే ఇన్‌చార్జి టోపీ తీసేస్తూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. ఆమె పెద్దక్క రెండు చేతులూ పట్టుకుంది.

“అక్కా, ఒక్క ఫోన్ కూడా లోపలికి రానివ్వలేదు మీరు. ఈ మేలు చచ్చినా మర్చిపోను.”

పెద్దక్క ఆ చేతులు వదల్లేదు. ఏ మాటతో మొదలుపెట్టినా ఆ మొదటి ఫోన్ సంగతి చెప్పక తప్పదు.

“కారు గేటు దగ్గరుంది. పద,” అంది.

“ఎక్కడికక్కా?” నవ్వుతూనే అడిగింది ఇన్‌చార్జి.