ట్యాంకు మీద నేను, వెనక అమ్మ

చిన్నతనం తల్సుకుంటే అందరికి మల్లెపూల వాసన, వాన పడ్డ మట్టి వాసన వస్తదట. నాకు మాత్రం షాక్ ఆయిల్ వాసన, అంటే బండి కుదుపులు ఆపే షాకులల్ల పోసే నూనె వాసన వస్తది, ఆ మాడిన ముతక వాసన ముక్కుకు తగిలిందంటే చాలు కడుపుల మంట లేస్తది. మొన్న ఆదివారం పొద్దున కొండాపూర్‌ల మా కిరాయి ఇంటి మెట్ల కింద అదే వాసన. వంగి చూస్తే నాయిన పాత మోటర్‌సైకిల్ వెనక చక్రం పక్కన నల్లటి జిగట మరక, దాని మీద దుమ్ము. ఆ బండి వెనక సీటు మీద మా అమ్మ కూసోక పద్నాలుగేండ్లయింది. ఎందుకో చెప్త, చెప్పకుంట ఉండుడు ఇగ నాతోని కాదు.

నాకప్పుడు పదేండ్లు. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మేము కొండాపూర్ బండరాళ్ల నడుమ రేకుల ఇంట్ల ఉంటుంటిమి. నాయిన ఒక అద్దాల బిల్డింగు గేటు కాడ సెక్యూరిటీ, అమ్మ మాదాపూర్‌ల ఇంకో అద్దాల బిల్డింగుల నేల తుడిచే పని. వానలు ఆగినంక రాళ్ల సందుల తంగేడు విరగబూస్తుండె, గునుగు తెల్లగ లేస్తుండె, సీతాఫలాలు కండ్లు విచ్చుతుండె. మేం పిల్లలం కట్టడాల కోసం పోసిన ఇసుక కుప్పల మీదికెల్లి జారి, కచ్చకాయలాడి, ఆకలైతే అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసి దాచిన మలీద ముద్దలు తిని, మూతి తుడుసుకోకుంటనే తినలేదని ఒట్లు పెట్టుకుంటుంటిమి. బతుకమ్మ పండుగొస్తే ఆ గల్లీకి మా అమ్మే పెద్ద. ఆమె గొంతెత్తితే ముప్పై మంది ఆడోళ్లు వంగి లేచి, లేచి వంగి, చప్పట్లు కొట్టుకుంట చుట్టు తిరుగుతుండిరి, నడిమిట్ల తంగేడు పూల వాసన, సద్దుల నువ్వుల వాసన కలిసిపోతుండె.

నాయినకు బండి అంటే పానం. ఆదివారమొస్తే పాత బనీను తడిపి దాన్ని తోముడే తోముడు, నా వీపు ఎన్నడన్న అంత ముద్దుగ తోమిండా అంటే లేదు. నేను ముందు పెట్రోల్ ట్యాంకు మీద కూసుంటుంటి, నా వెనక నాయిన, ఆయన వెనక అమ్మ. గాలి ముఖానికి కొడుతుంటే నాకు రాజ్యమేలినట్టే ఉండె. గుంత వచ్చిన ప్రతిసారి నాయిన "గట్టిగ పట్టుకో" అంటుండె, ఆ వెంటనే అమ్మ గొంతు సన్నగ "జర మెల్లగ పోరాదయ్యా" అంటుండె. ఈ రెండు మాటలు నాకు పాట లెక్క వినిపిస్తుండె, అమ్మ ఎందుకట్ల అంటదో ఒక్కనాడు అడగలేదు.

మాదాపూర్‌ల వేపచెట్టు కింద ఒక ముసలి మెకానిక్ ఉండె, మేమంత చాచా అంటుంటిమి. చెవిల బీడీ, చేతిల స్పానర్, పక్కన సల్లారిన చాయ్. ఆయన బండి వెనక భాగం రెండు చేతులతోని ఒక్కసారి నొక్కి వదిలిండు, అది ఎగిరెగిరి పడ్డది. "చూసినవా తమ్మీ, షాకుల దమ్ము లేదు. నూనె అంత కారిపోయింది, ఉత్త స్ప్రింగు తంతుంది. నీకేం కాదు, వెనక కూసునేటోళ్ల నడుము పోతది. జోడీ మార్చాలె" అన్నడు. వారం తిరక్కుంటనే రెండు కొత్త షాకులు తెప్పించి పెట్టిండు గూడ. బండి ఒక్కరోజు తన కాడ వదిలిపెట్టుమన్నడు, అంతే. ఆ ఒక్కరోజు నాయిన దగ్గర దొరకలేదు.

ఎందుకంటే అది తెలంగాణ కోసం జనమంత సమ్మెకు దిగిన ఏడు. ఇయ్యాల ర్యాలీ, రేపు రాస్తారోకో, ఎల్లుండి మీటింగు, బండికి జెండా కట్టుకొని పోవుడే. ఉద్యమం తప్పని నేననను, ట్యాంకు మీద కూసొని జై తెలంగాణ అని గొంతు పోయేదాక అరిసినదాన్ని నేనే. కాని ఊరందరి కోసం తిరిగెటోనికి ఇంట్ల మనిషి నడుము కనపడకపోవుడేంది? అడిగితే "తెలంగాణ రానీ, అన్నీ బాగు చేపిస్త" అంటుండె. బస్సులు బందు, ఆటోలు బందు, అమ్మకు మాత్రం పని బందు లేదు. అద్దాల బిల్డింగు సూపర్‌వైజర్ ఫోన్ చేసి, ఎంతో మర్యాదగ, "రాలేకపోతే ఇంక అసలు రావొద్దండి" అన్నడు. అమ్మ బొంత మడిచి సీటు మీద ఏసుకొని పొద్దుమాపు ఆ బండి మీదనే పోయింది.

సద్దుల బతుకమ్మ నాడు నాయినకు ర్యాలీకి టైమయితుంది, అంతల్నే అమ్మను పని కాడ దింపాలె. పైపుల కోసం తవ్విపోసిన రోడ్డు మీద బండి ఉరికిస్తుండు. నేను, ఈ నోరు పాడుగాను, "ఇంకా జోరుగ నాయినా!" అని అరిసిన. స్పీడ్ బ్రేకర్ మీద ఇనుము ఇనుముకు కొట్టుకున్న సప్పుడైంది. అమ్మ ఆఫీసు గేటు కాడ దిగి నడుము లేపలేక గోడ పట్టుకొని నిలబడ్డది, అట్లనే లోపలికి పోయి నేలంత తుడిచే వచ్చింది. ఆ మాపు గల్లీ అంత బతుకమ్మ ఆడుతుంటే అమ్మ ఒక రాయి మీద కూసొని కూసున్నకాడికెల్లే పాట చెప్పింది. మళ్లా ఎన్నడు వంగి ఆడలేదు.

తెల్లారి అమ్మ పక్క మీదికెల్లి లేవలేదు. దవాఖానకు పోయి మందులు తెస్తందుకు నాయిన నన్ను వెనక కూసోమన్నడు, అమ్మ మందులు నేను పట్టుకోవాలె గద. మొదటి గుంతకే నాలిక కొరుక్కున్న, నోట్ల రక్తమొచ్చింది, దెబ్బ నడుము నుంచి నెత్తిదాక పాకింది. ట్యాంకు మీద ఏనాడు తెల్వని సంగతి అప్పుడు తెలిసింది. ఆ దినమే నాయిన పోయి షాకులు మార్పించిండు. అమ్మ మళ్ల ఆ బండి ఎక్కలేదు.

తెలంగాణ వచ్చింది, సంతోషమే. చాచా వేపచెట్టు ఉన్నకాడ ఇప్పుడు మెట్రో పిల్లరు, తంగేడు కోసిన బండల మీద నేను పనిచేసే ఆఫీసు, బతుకమ్మకు పువ్వు తూకానికి కొనుక్కుంటున్నం. నాయిన ఇప్పటికీ గేటు కాడ అదే కుర్చీల కూసుంటుండు. అమ్మ గిన్నె కింద పడితే వంగి తీయలేక నన్ను పిలుస్తది.

అప్పుడు మార్పించిన షాకులు గూడ కారుతున్నయని మొన్న ఆ మరక చూసినంక, బండి నేనే తీసిన. "నాయినా, వెనక కూసో, మెకానిక్ కాడికి పోదాం" అన్న. అమ్మ గడపల నిలబడి "మెల్లగ తీస్కపోవే" అన్నది. తీస్కపోలేదు. కొండాపూర్ నుంచి రాయదుర్గం దాక ఒక్క స్పీడ్ బ్రేకర్ కాడ బ్రేకు కొట్టలేదు.

"మెల్లగ, బిడ్డా!"

"గట్టిగ పట్టుకో" అన్న.

జాలి రాలేదంటే అబద్ధం. వచ్చింది, అయినా ఆపలేదు. దిగినంక ఆయన రెండు చేతులు నడుము మీద పెట్టుకొని చానాసేపు వంగే ఉన్నడు.

"మీ అమ్మకు గిట్లనే ఉండెనా?"

"దినాం, పొద్దున ఒకసారి, మాపటికొకసారి."

మెకానిక్ షాకులు చూసి, ఇయ్యాల కాదు, బండి రేపటిదాక ఉంచాలె అన్నడు. నాయిన స్టూలు మీద కూలబడి, "ఉండనీ, ఎన్ని రోజులైనా ఉండనీ. జోడీ మార్చు" అన్నడు.

"ఆ ఒక్కరోజు అప్పుడు ఇయ్యాల్సింది నాయినా" అన్న.