తెల్లారేదాకా తాళంచెవి

పక్కింటి అంకుల్ పోయారన్న కబురు నాకు మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పెట్టింది సెక్రటరీ. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. బతికుండగా ఆయన అడిగిన ఒకే ఒక్కదానికి ఈ గ్రూపులో ఎవరూ జవాబివ్వలేదు. అందుకే నాకు ఏడుపుకన్నా ముందు ఒళ్లు మండింది.

అంకుల్‌ది కాకినాడ. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, రిటైరయ్యాక కూడా ఢిల్లీలో, మా వసంత్ కుంజ్‌లోనే ఉండిపోయారు. నాది గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెలుగు వినబడితే చాలని వాళ్లింటికి కాఫీకి వెళ్లడం మొదలుపెట్టి, ఆయన టెలిస్కోప్‌కి అసిస్టెంటునై తేలాను. ఆండ్రోమెడా గెలాక్సీని మా డాబా మీంచి ఒక్కసారి శుభ్రంగా ఫొటో తీసి హాల్లో గోడకి పెట్టుకోవాలని ఆయన కోరిక. వానలు తగ్గాక, పొగ కమ్ముకునేలోపు ఢిల్లీలో దొరికే నాలుగు మంచి రోజులే దానికి ఆధారం.

ఫొటోలు వచ్చేవి. కానీ వాటి నిండా గుండ్రటి మచ్చలు, మధ్యలో చిల్లుతో. కెమెరా సెన్సర్ మీద పడ్డ దుమ్ము నీడలవి. అంకుల్ వాటిని గారెలనేవారు. "ఇవాళెన్ని వేశామమ్మా?" అంటూ లాప్‌టాప్ ముందు కూర్చునేవారు. వాటిని పోగొట్టడానికి ఫ్లాట్ ఫ్రేమ్ అని ఒకటి తీస్తారు. టెలిస్కోప్ మూతికి తెల్లబట్ట బిగించి, అంతటా సమానంగా ఉన్న వెలుతురుకి గురిపెట్టి తీసే ఫొటో అది. అందులో ఈ నీడలే పడతాయి. వాటిని లెక్కకట్టి అసలు ఫొటోలోంచి తీసేయొచ్చు. "ఢిల్లీ పొద్దుటాకాశం దీనికి భేషుగ్గా పనికొస్తుందమ్మా, గంజిలా ఒకటే తెలుపు," అనేవారు.

మాకు మాత్రం గారెలు పోలేదు సరికదా, ఒక్కోదాని పక్కన తెల్లగారె ఒకటి మొలిచింది. ఎక్స్‌పోజర్ మార్చాం. బట్ట మార్చాం, ఇస్త్రీ చేసిన ఆయన బనీను కూడా అయింది. లాప్‌టాప్ తెర వెలుగుతో తీస్తే చారలొచ్చాయి. నేను విసుక్కుంటే, "తప్పు ఆకాశంలో లేదు, మన గొట్టంలోనే ఉంది. వెతుకు," అనేవారు. ఆఫీసులో ఏది చెడినా ఇప్పటికీ ముందు నా వైపే వెతుక్కుంటాను. అది ఆయన దగ్గర నేర్చుకున్నదే.

చివరికి ఆయనే పట్టుకున్నారు. డాబా మీద ఏదీ వదలకూడదని, తాళంచెవి రాత్రి పదింటికల్లా తిరిగిచ్చేయాలని సొసైటీ రూలు. అందుకని మేం కెమెరా ఊడదీసి, అన్నీ కిందికి దించి, పొద్దున్నే బాల్కనీలో మళ్లీ బిగించి ఫ్లాట్ ఫ్రేములు తీస్తున్నాం. ఊడదీసిన కెమెరా వెంట్రుకవాసి తిరిగినా, దుమ్ము కాస్త జరిగినా, నీడ నీడ మీద పడదు. నా గోళ్లరంగుతో గుర్తులు పెట్టి చూశాం, లాభం లేకపోయింది. తెల్లారేదాకా కెమెరాని ముట్టుకోకూడదు. అదొక్కటే మందు.

ఆ గారెల ఫొటోనే గ్రూపులో పెట్టి, ఒక్క రాత్రికి చెవి ఉంచుకోనివ్వమని అడిగారు. జవాబు రాకపోతే నన్ను వెంటబెట్టుకుని సెక్రటరీ ఇంటికే వెళ్లారు.

"అంకుల్‌జీ, రూల్ తో రూల్ హై నా," అన్నాడాయన టీవీ మీంచి కళ్లు తిప్పకుండా. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలట.

"ఠీక్ హై జీ," అన్నారు అంకుల్. మెట్లెక్కుతూ, "వచ్చే ఏడు మళ్లీ అడుగుదాంలేమ్మా," అన్నారు.

ఆ నెలలోనే సెక్రటరీ కొడుకు పెళ్లి సంగీత్‌కి డాబా తెల్లవార్లూ తెరిచే ఉంది. ఈ ఒక్క విషయంలో మాత్రం తప్పు మా గొట్టంలో లేదు. వచ్చే ఏడు రాకుండానే ఆయన గుండె ఆగిపోయింది.

సంతాపసభ డాబా మీదే పెట్టారు. ఫ్లెక్సీలో ఆయన మొహం వెనక ఆండ్రోమెడా. గ్రూపులోంచి తీసుకున్నారు, గారెలతో సహా. తలుపంత పెద్దది చేసేసరికి ఒక్కోటీ పళ్లెమంత అయింది. బాగుచేసుకుంటానని ఆయన చూపించిన తప్పుని ఆయన పేరు మీదే అచ్చేశారు. టెలిస్కోప్‌లో ఒక్కసారైనా కన్నుపెట్టని సెక్రటరీ గొంతు సవరించుకుని, అంకుల్‌జీ మనకి నక్షత్రాల్ని చూపించారంటూ హిందీలో మొదలుపెట్టాడు.

వినలేక తల పైకెత్తాను. ఎండ పడకుండా డాబా అంతా కప్పి తెల్లటి షామియానా బిగించారు. ముడత లేదు, మరక లేదు, ఏ మూల చూసినా ఒకటే వెలుతురు. మెట్ల దగ్గర తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం గొళ్లేనికి వేలాడుతోంది, చెవి దానికే ఉంది.