మా తమ్ముడు పగలగొట్టిన కంచు గిన్నె

మా తమ్ముడు రాతూక నోరు ద్రాక్షసారాయి పడితే గానీ తెరుచుకోదు. మా హగ్మతాన పట్నం మొత్తం మీద తాగుడు గిన్నెలు అంత నాజూగ్గా కొట్టేవాడు ఇంకొకడు లేడు. మాటల దగ్గర మాత్రం ఒట్టి మొద్దు. వాడికి పెళ్ళి చేయాలని నేను పడని పాట్లు లేవు.

మొన్న వాడి పుట్టినరోజు విందులో గిన్నె మీద గిన్నె లాగించి, పొరుగింటి బగపాతను పట్టుకున్నాడు.

"మామా, మీ అమ్మాయి వర్దకను నాకియ్యి."

"తీసుకుపోరా, నాకేం అభ్యంతరం," అన్నాడు ముసలాయన. ఆయనా మత్తులోనే ఉన్నాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. కానీ మాలో మత్తులో అనుకున్న మాట, తెల్లారి మత్తు దిగాక మళ్ళీ అనుకుంటేనే చెల్లుతుంది. లేదంటే గాలికి పోయినట్టే.

తెల్లారగానే బగపాత వచ్చి మా కొలిమి పక్కన చతికిలబడ్డాడు.

"ఏరా, రాత్రి ఏదో అన్నావే?"

వాడు తలెత్తలేదు. కంచు బిళ్ళ మీద సుత్తితో కొడుతున్నాడు. కొట్టేకొద్దీ కంచు బిగుసుకుపోతుంది. అప్పుడు నిప్పుల్లో పెట్టి ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ కొట్టాలి. అలా కొట్టగా కొట్టగా బిళ్ళ లోతు పడి గిన్నె అవుతుంది.

"నిన్నేరా అడిగేది," అన్నాడు ముసలాయన.

టక్, టక్, టక్.

"గిన్నె ఎక్కడికీ పోదు గానీ, ముందు నోరు విప్పి ఏడువు," అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాడు కొడుతూనే ఉన్నాడు. కంగారులో నిప్పుల్లో పెట్టడమే మరిచిపోయాడు. ఏనాడూ పని చెడగొట్టని మనిషి! అంచు నుంచి అడుగుదాకా గిన్నె ఫట్టున పగిలింది.

బగపాత లేచాడు. "అయితే రాత్రి మాట్లాడింది సారాయన్నమాట. సరేలే," అంటూ గుమ్మం దాటాడు.

అప్పుడు కదిలాడు మావాడు. పట్టకారు చేత్తో పట్టుకునే వీధిలోకి పరుగెత్తాడు. రొట్టెల కోసం నిలబడ్డ ఆడవాళ్ళంతా తిరిగి చూశారు.

"మామా, కావాలి."

"ఏం కావాలిరా?"

"వర్దక."

ముసలాయన పకపకా నవ్వి, తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగాడు. "విన్నావుగా. నువ్వూ రాత్రికి కాస్త తాగి, రేపు పొద్దున ఆలోచించుకుని చెప్పు తల్లీ."

"నాకు సారాయీ వద్దు, రేపూ వద్దు," అంది వర్దక. "ఎప్పుడు అడిగినా నాది ఇదే మాట. చేసుకుంటాను."