బండి కింది నేల

పక్కింటి వాకిట్లో కల్లాపి చల్లిన పచ్చివాసన కిటికీలోంచి వచ్చిందంటే చాలు, నాకు గుండె దడ మొదలవుతుంది. అందరికీ ఆ వాసన తెల్లవారిందని చెబుతుంది. నాకు మాత్రం ఏదో నేను చూడకముందే చెరిగిపోయిందని చెబుతుంది. నేనూ వాకిట్లో పేడనీళ్ళు చల్లి ముగ్గు వేస్తాను, కానీ కారు నిలిపే చోట చుక్క నీళ్ళు పడనివ్వను. బాగేపల్లిలో మా వీధివాళ్ళు దీన్ని నా పిచ్చి కింద జమకట్టి ఊరుకున్నారు. నిజానికి ఆ పిచ్చి నాది కాదు, రత్నమ్మక్కది.

రత్నమ్మక్క చీరల వ్యాపారం చేసేది. భర్త జ్వరంతో పోయాక, ఆయన నడిపిన పాత డీజిల్ కారును అమ్మేయమని బంధువులంతా చెప్పారు. ఆమె అమ్మలేదు, నడపడం నేర్చుకుంది. వెనక సీటు తీసేసి చీరల మూటలు వేసుకుని చింతామణికీ, చిక్కబళ్ళాపురానికీ, మధ్యలో సంత జరిగే ప్రతి ఊరికీ తిరిగేది. మూటలు దించడానికీ, చీరలు విప్పి చూపించడానికీ నేను ఆమె దగ్గర పనికి కుదిరాను. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. ఒంటరి ఆడమనిషి కారేసుకుని తిరుగుతుంటే ఊరు ఆమెను మహా ధైర్యవంతురాలనుకుంది. పక్క సీట్లో కూర్చున్నదాన్ని కనుక నాకు తెలుసు, అంతటి పిరికి మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ పిరికితనమే ఆ కారును అన్నేళ్ళు నడిపించింది. ఇంజను ఆయిల్ నల్లబడేదాకా ఆగేది కాదు. బెల్టు పాతబడినట్టు కనిపిస్తే చాలు, తెగకముందే మార్పించేది. స్టార్ట్ చేయగానే బయల్దేరేది కాదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఇంజను చప్పుడు వింటూ కూర్చునేది, ఆ సేపు నన్ను దగ్గనిచ్చేది కాదు. అన్నిటికంటే ముఖ్యమైన పని తెల్లవారగానే జరిగేది. సాయంత్రం కారును ఎప్పుడూ ఒకే చోట, పొడిగా ఉన్న అలికిన నేల మీద నిలిపేది. పొద్దున కల్లాపికి ముందే దాన్ని వెనక్కి తీసి, ఆ నేల మీద గొంతుక్కూర్చుని వెతికేది. ఎక్కడైనా మరక కనిపిస్తే వేలితో అద్ది వాసన చూసేది. నల్లగా ఉంటే ఇంజను ఆయిల్. తేటగా, జిడ్డుగా, ఘాటైన వాసనతో ఉంటే బ్రేకు ఆయిల్. ఆ రెండోది కనిపించిన రోజు మెకానిక్కు వచ్చేదాకా కారు కదిలేది కాదు, సంత పోయినా సరే.

"ఇంత భయమైతే ఎట్లక్కా?" అని ఒకసారి నవ్వాను.

"నవ్వుతాండావా? గుట్టల్లో నిలిచిపోతే ఇద్దరాడోళ్ళం ఏం చేస్తాం మే? ఎవురిని పిలుస్తాం?" అంది. ఆ తర్వాత ఖాళీ రోడ్డు చూసినప్పుడల్లా నాకూ అదే ప్రశ్న వచ్చేది. భయం అంటువ్యాధి, నాకు ఆమె దగ్గరే పట్టుకుంది.

ఒక రోజు పేరేసంద్ర దాటుతుండగా కిలోమీటర్లు లెక్కబెట్టే మీటర్లో అంకెలన్నీ ఒక్కసారి తిరిగి సున్నాలయ్యాయి. అది మొదటిసారి కాదట, అంతకుముందు ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే సరిగ్గా గుర్తులేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆమె కారు పక్కకు తీసి ఆపేసింది. మొహం వెలవెలబోయి ఉంది.

"చూసినోళ్ళు ఇది కొత్త బండి అనుకోవచ్చు. మనం అనుకోకూడదు సరోజా," అంది. దిగి నాలుగు చక్రాలనూ చేత్తో తడిమి వచ్చాక గానీ మళ్ళీ బయల్దేరలేదు.

నాకు కూడా నడపడం నేర్పింది, మండికల్లు దగ్గర కోత అయిపోయిన చేలో. చేలో బాగానే తిప్పేదాన్ని. రోడ్డెక్కమంటే మాత్రం దిగిపోయేదాన్ని. ఆమె ఎప్పుడూ బలవంతపెట్టలేదు.

ఆ ఏడాది ఆయుధపూజకు కారును తలంటు పోసినంత శ్రద్ధగా కడిగింది. పండగ కదా అని కారు నిలిపే చోటు కూడా కొత్తగా అలికి, తడి ఆరకముందే దాన్ని అక్కడికి తెచ్చింది. పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, బూడిదగుమ్మడికాయలో కుంకుమ నీళ్ళు పోసి ముందు పగలగొట్టింది. ఆ ఎర్రనీళ్ళు కారు కిందికంతా పారాయి. మర్నాడు చింతామణి సంత. పొద్దున ఆమె ఎప్పటిలాగే వంగి చూసింది. నేలంతా తడి, పసుపు, ఎరుపు. దానిలో ఏ చుక్క ఎక్కడిదో ఎవరు చెప్పగలరు? అలికిన నేల అద్దంలా ఉందని మురిసిపోతూ నేను మూటలు ఎక్కించాను.

చింతామణి దారిలో గుట్టల నడుమ ఒక దిగుడుంది. సగం దిగాక రత్నమ్మక్క కాలు గబగబా కదలడం చూశాను. బ్రేకు నేలదాకా దిగిపోతోంది. కారు ఆగడం లేదు. కింద మలుపులో రోడ్డు నిండా గొర్రెలు, మధ్యలో కట్టె పట్టుకున్న ముసలాయన.

"గట్టిగా పట్టుకో మే!" అని అరిచింది. గేరు తగ్గించింది, ఇంకా తగ్గించింది. ఇంజను గొంతు చించుకున్నట్టు మోగింది. హ్యాండుబ్రేకు లాగింది. ముసలాయన తలెత్తి చూశాడు కానీ కదల్లేదు, ఆయన కళ్ళు నాకు కనిపించేంత దగ్గరకు వచ్చేశాం. నేను చచ్చిపోతున్నాననే అనుకున్నాను. మా అమ్మ గుర్తుకు రాలేదు, దేవుడు గుర్తుకు రాలేదు. ఆమె స్టీరింగును ఎడమకు తిప్పింది. రాగి చేను మమ్మల్ని మింగింది. మూటలన్నీ నా వీపు మీదికి వచ్చి పడ్డాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. రత్నమ్మక్క దిగి, రాగి మొక్కల మధ్య పడుకుని కారు కిందికి చూసింది. ఒక చక్రం లోపలివైపంతా బ్రేకు ఆయిల్‌తో తడిసి ఉంది.

"నిన్న రాత్రంతా కారిండాది. నా చేత్తో నేనే అలికి కనపడకుండా చేస్తి," అంది. ఏడవలేదు. ఏడ్చుంటే నాకు బాగుండేది.

చింతామణి నుంచి మెకానిక్కు వచ్చి బాగుచేశాడు. ఎండ వాలుతుండగా ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. ఇంజను స్టార్ట్ చేసి, వెంటనే ఆపేసింది. మళ్ళీ ప్రయత్నించింది. చివరికి దిగి వచ్చి తాళం నా చేతిలో పెట్టింది.

"నువ్వు నడుపు."

"నాకు భయంగా ఉండాదక్కా."

"అందుకే నీకిస్తాండేది. భయం లేదని అనుంటే ఇచ్చుండను."

బాగేపల్లి దాకా నేనే నడిపాను. దారి పొడవునా ఆమె కుడికాలు, లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. తర్వాత ఇద్దరం మార్చి మార్చి నడిపాం. రత్నమ్మక్క జబ్బుపడి మంచం పట్టినప్పుడు కారు నాకే అప్పగించింది. నా పెళ్ళయ్యాక కూడా ఆ కారు ఆగలేదు. మీటరు నా చేతుల్లోనూ సున్నాలకు వచ్చింది. ఈసారి నేనూ చప్పట్లు కొట్టలేదు.

ఈ పొద్దున నా కూతురు మొదటిసారి ఒంటరిగా ఆ కారులో చింతామణికి బయల్దేరింది. కారు వెనక్కి తీయించి నేల చూశాను. పొడిగా, శుభ్రంగా ఉంది.

"ఏం లేదు గదమ్మా. ఇంకేం భయం?" అంది.

"ఆ రోజూ ఏం కనపడలేదు," అన్నాను.

తనను దిగమని నేను సీట్లో కూర్చున్నాను. కాలు నొప్పెట్టేదాకా బ్రేకు తొక్కి పట్టుకున్నాను. అది కిందికి దిగిపోలేదు, గట్టిగానే ఉంది. అయినా తాళం ఇవ్వడానికి చెయ్యి రాలేదు. పక్కింటి కల్లాపి వాసన ఇంకా పోలేదు. కూతురు నవ్వడం మానేసి, నా మొహంలోకి చూసి, మెల్లగా వంగి తనూ ఒకసారి ఆ నేల చూసింది.

"భయమేస్తాండాదా?" అని అడిగాను.

"కొంచెం ఉండాదమ్మా," అంది.

అప్పుడు తాళం ఇచ్చాను.