సుంకమ్మ కుర్చీ చెయ్యి

2018 మార్చి. అనంతపురంలో నా వడ్రంగి షెడ్డుకు గార్లదిన్నె వైపు రైతు రామాంజనేయులు తన భార్య సుంకమ్మను ఆటోలో తీసుకొచ్చాడు. పక్షవాతంతో ఆమె ఎడమవైపు చచ్చుబడింది. ఒకరి సాయం లేకుండా లేవడానికి, ఊతమిచ్చే చేతులున్న కుర్చీ కావాలంది.

బీచ్ పలక చూపించాను. విదేశీ కట్టె, గట్టిది. దగ్గరి పోగు కాబట్టి పేడు లేవదు, చేతికి గుచ్చుకోదు. సుంకమ్మ కుడి అరచేత్తో నిమిరింది.

"శెనక్కాయ పప్పు మాదిరి నున్నగా ఉండాదే. బలముంటాదా ఆచారీ?"

"మీ ఆయన కూసున్నా ఊగదమ్మా."

"ఆయప్పను యాడ కూసోనిస్తా? ఇది నాది."

బీచ్‌కు ఒక గుణముంది. టేకు కన్నా ఎక్కువ తేమ పీలుస్తుంది, ఆరితే ఎక్కువ కుంచించుకుపోతుంది. రేవు నుంచి వచ్చిన పలకల మధ్య పుల్లలు పెట్టి నెలరోజులు ఆరనిచ్చి, మాయిశ్చర్ మీటరులో, అంటే తేమ చూపే పరికరంలో, అంకె దిగాకే కోయడం నా పద్ధతి. ఈ పలకలు వచ్చి వారమే అయింది.

"నేను బోరు కాడికి పోతే ఈమె కూసున్న చోటే ఉంటాది. జల్దీ చెయ్యన్నా," అన్నాడు రామాంజనేయులు.

మీటరు పద్నాలుగు శాతం చూపింది, పది లోపుకు దిగాలి. డైరీలో రాసుకున్నాను. దాని కిందే, 'మన ఎండకు ఆరడం ఎంతసేపు' అని కూడా రాసి, మర్నాడే కోసి కుర్చీ చేసిచ్చాను.

మేలో రామాంజనేయులు ఫోన్ చేశాడు. "కుర్చీ చెయ్యి కిర్రుమంటాండాదన్నా."

"కొత్త కుర్చీ కదప్పా, సర్దుకుంటాది," అన్నాను. ఒక్క బస్సు ఎక్కితే చేరే దూరం. వెళ్లలేదు.

కుర్చీ చేతి చివర నాలుకలా చెక్కి, కాలి బెజ్జంలో జిగురుతో దింపే అతుకును టెనన్ అంటాం. ఆ నాలుక ఎండకు సన్నబడి జిగురు వదిలేసింది. ఫోన్ వచ్చిన నాలుగో రోజు సుంకమ్మ లేవబోతే కుర్చీ చెయ్యి ఊడొచ్చింది. ఆమె పడింది. విరిగింది కుడి మణికట్టు, ఆమెకు మిగిలిన ఒకే మంచి చెయ్యి.

బాగా ఆరిన కట్టెతో కొత్త చెయ్యి చేసి, మేకులా చెక్కచీల కూడా దిగ్గొట్టి, ఆమె మణికట్టుకు కట్టు విప్పాక తీసుకెళ్లి బిగించాను. "లేచి చూడమ్మా," అన్నాను. ఆమె దానివైపు చూసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఏమయ్యా, ఇట్రా," అని భర్తను పిలిచి, అతని చెయ్యి పట్టుకుని లేచింది. "కుర్చీ బాగుండాది ఆచారీ," అంది నాతో.

తర్వాత పని మానేదాకా, ఎవరు తొందరపెట్టినా మీటరును వాళ్ల చేతికే ఇచ్చి అంకె చదవమనేవాణ్ణి. ఒక్కరూ కోపగించుకోలేదు, అందరూ ఆగారు. ఆ రోజు సుంకమ్మ చేతికిచ్చి ఉంటే ఆమె కూడా ఆగేది.