బ్యాటరీలు తీసేశాక

ఆమెను ఆఫీసులో అందరూ టేపులమ్మ అంటారు. టేపుల కాలం పోయి పదిహేనేళ్ళయింది, ఇప్పుడంతా గోరంత కార్డుల్లోకి ఎక్కుతోంది, అయినా పేరు మాత్రం పోలేదు. పెట్టింది మెట్ల కింద టీ కాచే ఆవిడ. పెట్టినప్పుడు అది వెటకారమే. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ళు అదే అసలు పేరనుకుని హాజరు పట్టీలో కూడా రాసేస్తున్నారు.

ఆమె చేసే పని చెబితే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. మాట్లాడేవాళ్ళు తగ్గిపోయి నేడో రేపో అన్నట్టున్న భాషల్ని రికార్డు చేసి దాచిపెట్టే సంస్థ అది. మూడో అంతస్తులో, శబ్దం రాకుండా కిటికీకి దుప్పటి కొట్టిన గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరో ముసలాయన చెప్పిన ముక్కను వెనక్కి తిప్పి, విని, మళ్ళీ తిప్పి, కాగితం మీద పెట్టాలి. ఒక నిమిషం మాటకు గంట పని. ముసలాయన దగ్గితే ఆ దగ్గు కూడా రాయాలి. పక్కింటివాళ్ళు ఏం ఉద్యోగమని అడిగితే టైపు పని అని ఊరుకునేది. అబద్ధమేమీ కాదు, చేరింది టైపిస్టుగానే.

చేరిన రెండో ఏడు ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోనులో మేనత్తతో మాట్లాడుతుంటే వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి తిరిగి చూసింది. పెద్దసారు. ఆ సంస్థకు అధిపతి ఆయనే. మెత్తటి మనిషి, కోపం వచ్చినా గొంతు పెంచడు. మెత్తటివాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వాళ్ళ చేతిలో ఏముందో మనం చూడం. అది ఏ భాషమ్మా అని ఆయన అడిగాడు. ఆమె సిగ్గుతో ముడుచుకుపోయి, భాషేం కాదు సార్, మా ఇంటిమాట అంది.

నిజంగానే వాళ్ళు దాన్ని అలాగే అనుకునేవాళ్ళు. గడప లోపల ఇంటిమాట, గడప దాటితే బజారుమాట. ఇంటిమాట మాట్లాడే కుటుంబాలు ఒకప్పుడు రేవు వెనక వీధిలో నలభై దాకా ఉండేవి. వీధి పడగొట్టి గోదాములు కట్టాక తలో దిక్కుకూ పోయారు. పిల్లలకు బజారుమాట ఒక్కటే మిగిలింది. పెద్దసారు ఆమెను టైపు మిషన్ ముందు నుంచి లేపి, చేతిలో రికార్డర్ పెట్టి, మిగిలిన ముసలివాళ్ళ ఇళ్ళకు పంపాడు. తను కూడా ఇంటిమాట నేర్చుకుంటానన్నాడు. ఇరవై రెండేళ్ళ పాటు, మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట, ఆమే నేర్పింది. మొదట్లో ఆయన నోరు తెరిస్తే ఆమె నవ్వాపుకోలేక గదిలోంచి బయటికి వెళ్ళిపోయేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. ఆయనంటే ఆమెకు తండ్రి తర్వాత తండ్రి.

ముసలివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. చివరికి ఇంటిమాటలో పోట్లాడుకోగలిగినవాళ్ళు, ఎగతాళి చేసుకోగలిగినవాళ్ళు ఇద్దరే మిగిలారు, మేనత్తా మేనకోడలూ. వారానికి రెండు సార్లు అత్త దగ్గరికి వెళ్ళకపోతే టేపులమ్మకు నోట్లో నాలుక తడారిపోయినట్టుండేది.

ఇప్పుడు ఆ ఆఫీసువాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. రికార్డర్ చూడగానే ఎవరైనా బిగుసుకుపోతారు, పుస్తకంలో లాగా మాట్లాడతారు. ఇక చాలు అని చెప్పి, మిషన్ ఆపినట్టు నటించి, కాగితాలు సర్దుకుంటూ కూర్చుంటే అప్పుడు మొదలవుతుంది అసలు మాట. కోడల్ని తిట్టడం, కాళ్ళ నొప్పులు, పాత కక్షలు. దాన్ని ఆఫీసులో తోక అంటారు. తోకలోనే భాష బతికుంటుందమ్మా అనేవాడు పెద్దసారు. మిషన్ మీది ఎర్ర దీపానికి నల్ల కాగితం ముక్క అంటించడం కూడా ఆయనే నేర్పాడు. టేపులమ్మ చాలా ఇళ్ళ నుంచి అలాంటి తోకలు తెచ్చింది. కొందరికి తర్వాత చెప్పింది, కొందరికి చెప్పలేదు.

అత్త దగ్గర మాత్రం ఆ వేషాలు సాగలేదు. అత్త నోరూ చురుకే, చూపూ చురుకే. పని అవగానే, ఆ బ్యాటరీలు ఇలా తేవే అనేది. రెండు బ్యాటరీలూ ఊడదీసి ఇస్తే గుప్పిట్లో పెట్టుకుని, అప్పుడు కాళ్ళు చాపుకుని మాట్లాడేది. వెళ్ళేటప్పుడు లెక్కగా తిరిగి ఇచ్చేది. టేపులమ్మ కూడా ఆ ఇంట్లో తోక జోలికి పోలేదు. ఒక్క ఇల్లయినా ఉండాలి కదా మనిషికి.

సైకిళ్ళు బాగుచేసే కొట్టు మీద రెండు గదులు అత్తవి. అత్తతో ఉండేది ఆమె కూతురు, టేపులమ్మకు వదిన. నలభై ఎనిమిదేళ్ళు. కళ్ళద్దాల దుకాణంలో వెనక గదిలో అద్దాలు అరగదీసే పని. ఆ పనికి మాటలక్కర్లేదు, అందుకే ఎంచుకుంది. వదినకు నత్తి. మామూలు నత్తి కాదు, ఒక మాట బయటికి రావాలంటే మెడ నరాలు ఉబ్బుతాయి. చిన్నప్పుడు పెద్ద జ్వరం వచ్చి మాట పడిపోయిందని, మళ్ళీ వచ్చినప్పుడు ఇలా వచ్చిందని ఇంట్లో అందరికీ తెలుసు. వదినకూ అంతే తెలుసు.

రెండేళ్ళ కిందట ఒకసారి పెద్దసారు కూడా వస్తానన్నాడు. ఆ రోజు పని వంటింటి సామాను పేర్లు. ఒక్కొక్కటే తీసి చూపించడం, పేరు చెప్పించడం. చెక్క గరిటె దగ్గర అత్త ఆగిపోయింది. ఇక చాలు అంది. బ్యాటరీలు అడిగి గుప్పిట్లో పెట్టుకుంది. పెద్దసారు బల్ల దగ్గర టీ తాగుతున్నాడు. ఆయన ఫోను కప్పు పక్కన బోర్లా పడుంది. అత్త ఆయన వైపు గడ్డం ఎగరేసి, ఈయనకు ఇంత గబగబా మాట్లాడితే అర్థమై చావదులే అంది. టేపులమ్మ కూడా నవ్వింది. తర్వాత అత్త ఇంటిమాటలో, గరిటె వైపు చూస్తూనే చెప్పింది.

"దానికి జ్వరం రాలేదే. జ్వరమని నేనే చెప్పాను అందరికీ. బళ్ళో వేసే ముందు ఆర్నెల్లు, ఇంటిమాట ఒక్క ముక్క పలికితే ఇదిగో, ఈ గరిటెతో మూతి మీద కొట్టేదాన్ని. బజారుమాట ఇంకా రాలేదు దానికి. ఇదేమో నేను పలకనివ్వలేదు. నోరు తెరిచే ముందు నా చేతి వంక చూసేది, పసిది. ఆ తర్వాత దానికి ఏ మాటా సాఫీగా రాలేదు. ఇది నేను పోయేదాకా నీ పెదవి దాటకూడదు."

పెద్దసారు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. మెట్లు దిగుతూ టేపులమ్మ అడిగింది, అది రికార్డు కాలేదు కదా సార్ అని. ఆయన ఆమె భుజం తట్టాడు. "నీ మిషన్లో బ్యాటరీలే లేవు కదమ్మా. ఆవిడ గుప్పిట్లో ఉన్నాయి, నేను చూశాను" అన్నాడు. ఆ మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అనుమానించినందుకు ఆమే చిన్నబోయింది.

రెండేళ్ళు ఆమె ఆ రహస్యాన్ని కడుపులో పెట్టుకుని తిరిగింది. వదిన ఒక్కో మాట కోసం అవస్థ పడుతుంటే కిటికీ వైపు చూసేది.

ఈ ఏడు సంస్థకు నలభై ఏళ్ళు నిండాయని కింది హాల్లో ప్రదర్శన పెట్టారు. గోడ నిండా ముసలివాళ్ళ ఫోటోలు, ఒక్కో ఫోటో కింద హెడ్‌ఫోన్లు, పక్కన చిన్న తెర. మీ అత్తగారిది మొదటి ఫోటో అమ్మా, ఇంట్లోవాళ్ళని తీసుకురా అన్నాడు పెద్దసారు. ఏ ముక్క వినిపిస్తున్నారని అడిగితే, నీకే ఒక బహుమతి, అప్పుడే చూడు అన్నాడు. అత్తకు మోకాళ్ళు సహకరించవు. టేపులమ్మ పట్టుబట్టి వదినను తీసుకొచ్చింది. వదిన మంచి బట్టలు కట్టుకుంది.

తల్లి ఫోటో చూసి వదిన మురిసిపోయింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆమెకు ఇంటిమాట రాదు, తల్లి గొంతు వింటే చాలనుకుంది. కానీ తెర మీద బజారుమాటలో అనువాదం ఒక్కో వరుసా నడుస్తోంది. టేపులమ్మ పక్క నుంచి తల వంచి చూసింది. దానికి జ్వరం రాలేదే, అన్న వరుస కనిపించగానే హెడ్‌ఫోన్లు లాగేయాలని చెయ్యి చాచింది. వదిన ఆ చెయ్యి పట్టుకుని ఆపి, చివరిదాకా చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

తర్వాత హెడ్‌ఫోన్లు జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, "ను... నువ్వు అక్కడ ఉన్నావా?" అంది.

టేపులమ్మ తల ఊపింది. వదిన బయటికి నడుస్తుంటే అతిథులు పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. వాళ్ళలో ఒకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు కూడా, చాలా గొప్పగా ఉందని.

టేపులమ్మ తెర దగ్గరికి తిరిగి వచ్చి అనువాదం మళ్ళీ చూసింది. ఇరవై రెండేళ్ళుగా ఇంటిమాట నుంచి ఏ అనువాదమైనా ఆమె చెయ్యి దాటకుండా బయటికి పోలేదు. ఇది ఆయన ఒక్కడే చేసుకున్నాడు. తప్పు దొరుకుతుందేమోనని వెతికింది. ఒక్కటీ లేదు. అంత బాగా నేర్పింది ఆమె.

పెద్దసారు ఆమె మొహం చూసి పక్క గదిలోకి పిలిచాడు. కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు. తను నిద్ర లేకుండా ఆలోచించానని, ఆవిడ పోయేదాకా ఆగితే వినేవాళ్ళు కూడా ఉండరనిపించిందని ఆయన చెప్పుకొచ్చాడు. "భాష ఎలా చచ్చిపోతుందో చెప్పేవాళ్ళు వేలమంది ఉన్నారమ్మా. చంపిన చేతి మాట మనకొక్కళ్ళకే దొరికింది" అన్నాడు. అంటున్నప్పుడు ఆయన కళ్ళు మెరిశాయి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నమ్మించి గొంతు కోశారు సార్ అంది. జీవితంలో మొదటిసారి ఆయన ముందు గొంతు పెంచింది. ఆయన మాత్రం పెంచలేదు. సొరుగులోంచి అత్త సంతకం పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, పదేళ్ళ కిందటిది. ఈ ఇంట్లో సంస్థ సిబ్బంది ఎదుట జరిగే ఏ సంభాషణనైనా రికార్డు చేయడానికి, వినిపించడానికి ఒప్పుకుంటున్నాను, అని ఉంది. చదవడం రాని అత్తకు ఆ కాగితం చదివి చెప్పాల్సిన మనిషి టేపులమ్మే. ఆ రోజు బస్సుకు టైమైపోతోందని, ఏం లేదత్తా, ఊరికే ఆఫీసు కాగితం అని వేలితో చోటు చూపించింది. ఆ వేలు ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"మిగతా ఇళ్ళ తోకలన్నీ తెచ్చింది నువ్వే కదమ్మా. వాళ్ళనెవర్నీ నువ్వు అడగలేదే" అన్నాడు పెద్దసారు, చాలా ప్రేమగా.

ఆయన అన్నది నిజమే. నిజం కాబట్టే ఆమె ఆయన్ని ఇక ఎప్పటికీ క్షమించలేదు. హాల్లోకి వెళ్ళి ఆ తెర వైరు గోడలోంచి పీకేసి, అత్త ఫోటో తీసి చంకలో పెట్టుకుని నడిచింది. ఎవరూ ఆపలేదు. ఆ ముక్క అప్పటికే వేరే మూడు సంస్థలకు వెళ్ళిపోయిందని ఆమెకు మర్నాడు తెలిసింది.

సైకిలు కొట్టు మెట్లెక్కి తలుపు తట్టేసరికి సాయంత్రం నాలుగయింది. అత్తే తీసింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. లోపల వదిన బల్ల దగ్గర వీపు ఇటు పెట్టి కూర్చుంది.

"చెప్పండి. ఎవరు కావాలి?" అంది అత్త, బజారుమాటలో.

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి అత్త ఆమెతో ఆ మాటలో ఒక్క ముక్క మాట్లాడలేదు. బస్సులో అందరూ తిరిగి చూస్తున్నా మాట్లాడలేదు. మీరు అన్నది అసలే లేదు. ఏమే, ఒసే, పీనుగా, నా తల్లీ, ఇవే. టేపులమ్మ గుమ్మం పట్టుకుని ఇంటిమాటలో గబగబా చెప్పుకుంది. నాకు తెలియదత్తా, నీ మీద ఒట్టు, ఫోనులో ఎక్కించాడు, నన్ను కూడా మోసం చేశాడు, నేను ఎవరికీ చెప్పలేదు, ఒక్కసారి తిట్టవే, కొట్టవే అంది. అత్త మధ్యలో అడ్డుపడకుండా అంతా విన్నది. విన్నాక, తనకు సరిగా రాని ఆ బజారుమాటలో, ఒక్కో ముక్కా వెతుక్కుంటూ అంది.

"నాకు ఆ మాట రాదండి. మీ ఆఫీసులో ఒకాయనకు బాగా వచ్చట. ఆయనతో మాట్లాడుకోండి."

తలుపు మెల్లగానే వేసుకుంది. లోపల వదిన ముక్కలు ముక్కలుగా ఏదో అడగడం, అత్త జవాబు చెప్పడం వినిపించాయి. అదీ బజారుమాటే. టేపులమ్మ ఫోటో చంకలో పెట్టుకుని, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ, తలుపుకు చెవి ఒగ్గి ఒక్క మాటా పోకుండా వింటూ నిలబడింది. తను ఏం చేస్తోందో తెలిసొచ్చేసరికి సిగ్గుతో చచ్చినంత పనై, మెట్లు దిగిపోయింది.