మా చిన్నాన్నను చూసి నవ్విన రోజులు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కిరాయికి ఉండే సారు మాట ఎత్తితే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఇంత వయసొచ్చినా ఆ మంట పూర్తిగా చల్లారలేదు. ఉన్నమాట చెప్పడానికి నాకేం మొహమాటం!

అవి మొదటి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో అప్పటికింకా ఇన్ని దుకాణాలు లేవు. మా ఇల్లు దాటితే, ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్నచోటి దాకా జొన్నచేలే. మా ముందుగదిలో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఆ సారూ, ఆయన భార్యా ఉండేవారు. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. మా ఉద్యోగాలు ఎత్తుకుపోయిన వాళ్ళలో ఈయనొకడని మా నాన్న ఆయన మొహం చూసేవాడు కాదు. బావి దగ్గర ఆయన భార్య కనిపిస్తే మా అమ్మ బిందె సగం నిండకుండానే తిరిగి వచ్చేసేది. ఒకరోజు కుర్రాళ్ళు గుంపుగా వచ్చి వాళ్ళ కిటికీ మీద రాళ్ళు వేయబోతే, మా తాతయ్య ఒక్కడే చేతికర్ర పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాడు.

మా చిన్నాన్న గొడవ వేరు. డిగ్రీ చదివాడు కానీ ముక్కు మీద కోపం. రెండు ఇంటర్వ్యూలకు వెళ్ళి, రెండుచోట్లా ఎవరో ఏదో ఎత్తిపొడిస్తే బల్ల గుద్ది లేచి వచ్చేశాడు. మూడో పిలుపు సర్కారు ఉద్యోగానికి. ఆ ఏడు దాటితే వయసు మించిపోతుంది, ఇక పిలిచేవాళ్ళుండరు. అందుకని ఇంట్లో ఎవరెంత గింజుకున్నా వినకుండా మా తాతయ్య చిన్నాన్నను తీసుకెళ్ళి ఆ సారు ముందు కూర్చోబెట్టాడు.

సారు మొహం మీదే చెప్పాడు. "మీరంటే నాకు ప్రేమేం లేదండీ. పెద్దాయన నా గుమ్మంలో నిలబడ్డారు, అందుకు చెబుతున్నా. మిల్లులో అయితే పని వచ్చా అంటారు, చేసి చూపిస్తే సరిపోతుంది. బడిలో అయితే పాఠం చెప్పమంటారు. సర్కారు ఉద్యోగానికి మాత్రం మీకు కోపమొచ్చేలా కెలుకుతారు. ఇంటర్వ్యూ బోర్డు గదిలోకి ఫైళ్ళు తీసుకెళ్ళేది నేనే, ఎన్నిసార్లు చూశానో!"

ఆ వెంటనే నన్ను పిలిచి తన పక్క కుర్చీలో కూర్చోమన్నాడు. నేను బోర్డు మెంబరునట! నా పనల్లా చిన్నాన్న నోరు విప్పినప్పుడల్లా నవ్వడమే. చేతిలో రెండు పిప్పరమెంట్లు కూడా పెట్టాడు.

మొదటి ప్రశ్నకు చిన్నాన్న "గదేంది సార్?" అన్నాడు. నేను కిసుక్కున నవ్వాను. "ఇదేం భాషయ్యా? పశువుల్ని అదిలించినట్టుంది. నీకు డిగ్రీ ఎవడిచ్చాడు?" అన్నాడు సారు. చిన్నాన్న మెడనరాలు ఉబ్బాయి. కుర్చీ తన్నేసి లేచాడు. "గిట్ల మాట్లాడితే మంచిగుండదు, చెప్తున్న!"

"అంతే, ఉద్యోగం పోయింది. బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రండి" అన్నాడు సారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

ఆ రోజు ఎన్నిసార్లు లోపలికి వచ్చాడో, ఎన్నిసార్లు లేచిపోయాడో లెక్కలేదు. మర్నాడూ అదే తంతు. నేను మొదట పిప్పరమెంట్ల కోసం నవ్వాను, తర్వాత నిజంగానే నవ్వొచ్చి నవ్వాను. మా అమ్మ మాట్లాడేదీ, మా తాతయ్య మాట్లాడేదీ, నేను పొద్దస్తమానం మాట్లాడేదీ ఆ మాటే కదా! ఆ బుద్ధి నాకప్పుడు లేదు. మూడోరోజు చిన్నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ కుర్చీలోంచి కదల్లేదు. అడిగినదానికి మెల్లగా జవాబు చెప్పాడు. సారు తిట్టిన తిట్లు ఉత్త నటనో, లోపల ఉన్నదే బయటపడిందో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ కలిసే ఉంటాయని నా అనుమానం.

ఇంటర్వ్యూ రోజు బంద్. బస్సులు లేవు. చిన్నాన్న తెల్లారకముందే బయల్దేరి, మలక్‌పేట మీదుగా నడుచుకుంటూ వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఇంటిల్లిపాదీ వాకిట్లోనే ఉన్నాం.

"బోర్డుల ఒకాయన నా మాటకు నవ్విండు" అన్నాడు చిన్నాన్న.

"బల్ల గుద్దినవా?" అన్నాడు తాతయ్య.

"లే నాయినా. అడిగినదానికి జవాబు చెప్పి, దండం పెట్టి ఒచ్చిన." ఆ తర్వాత నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరాడు. "గాయన నవ్వితే నాకేమనిపియ్యలే బిడ్డా. గాయనెవడు, పరాయోడు. ఇంట్ల నువ్వు నవ్విన్నాడే నా పానం పోయింది."

ఆ గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది.

ఉద్యోగం వచ్చింది. చిన్నాన్న రిటైరయ్యేదాకా అందులోనే చేశాడు. కొన్ని నెలలకు సారు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంటే తాతయ్య ఒక్కడే సాగనంపాడు. పీడ వదిలిందనుకుని నేను తలుపు చాటునే ఉండిపోయాను.

పెద్దయ్యాక బడిలో హెడ్మిస్ట్రెస్‌నై నేనూ అలాంటి ఇంటర్వ్యూ బల్లల వెనక కూర్చున్నాను. పల్లెటూరి పిల్ల ఎవరైనా తన యాసలో నోరు విప్పగానే పక్కనున్నవాళ్ళు మూతి బిగబట్టి నవ్వితే, వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని. ఈవిడకు తిక్క అనుకునేవాళ్ళు. అనుకోనీ. నా కోపం వాళ్ళొక్కళ్ళ మీదే కాదు. ఆ రోజు నన్ను నవ్వమన్నది సారే, ఒప్పుకుంటాను. సారు ఇక చాలన్నాక కూడా ఆపకుండా నవ్వింది మాత్రం నేనే.